సికింద్రాబాదు నుండి సైకిలు మీద



పోయిన చలికాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి నా యొద్దకు వచ్చి నిలబడినది. మేడ్చల్ దాటిన తరువాత హైవేకు కొంచెము లోపలగా ఉన్న చిన్న ఊరు వారిది. అప్పటికి రెండు నెలల క్రితమే ఆమె భర్తను సమాధి చేసి వచ్చాము. అతడు ఒక గోడౌనులో రాత్రి కాపలా పని చేసేవాడు. తెల్లవారుజామున డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి వస్తుండగా, వెనుక నుండి వచ్చిన బండి ఏదో గుద్ది ఆగకుండా వెళ్ళిపోయినది. అది ఏ బండియో ఈ రోజు వరకు తెలియదు. సైకిలుకు మాత్రము వెనుక చక్రము వంకర పోయినది, అంతే. దానిని ఎవరో బాగు చేయించి ఇంటికి చేర్చారు.

"అయ్యగారూ, పోరడు తొమ్మిదో తరగతి. బడి ఐదు కిలోమీటర్లు. బస్సు యాల్లకు రాదు. నాయిన సైకిల్ తీస్కొని పోత అంటుండు. పంపాల్నా, వద్దా?" అని అడిగినది.

నాకు జవాబు రాలేదు. ప్రార్థన చేద్దామమ్మా అన్నాను. చేశాము. కాని ప్రార్థన చేసి లేచిన తరువాత కూడా ఆమె అలాగే నిలబడి ఉన్నది. ఆమె అడిగినది రోడ్డు గురించి.

రోడ్డు గురించి నాకు కొంచెము తెలుసును. పది సంవత్సరాలుగా సికింద్రాబాదు చుట్టుప్రక్కల నేను సైకిలు తొక్కుచున్నాను. మొదట డాక్టరు గారు షుగరు ఉన్నదని చెప్పి భయపెట్టినందుకు మొదలుపెట్టాను, తరువాత ఇష్టము కలిగి మానలేదు. మా నాయనగారు సువార్తికుడు. ఆయన సైకిలు క్యారేజీ మీద కూర్చొని ఊరూరు తిరిగిన వాడిని నేను. దూలము క్రింద నుండి కాలు దూర్చి తొక్కడము నేర్చుకున్నది ఆ సైకిలు మీదనే. ఆ రోజుల్లో ప్రతి ఊరి కూడలిలోను సైకిలు టాక్సీ ఉండేది. గంట లెక్కన అద్దెకు ఇచ్చేవారు. పది నిమిషాలు ఆలస్యమైతే షాపతను చెవి మెలిపెట్టేవాడు.

ఇప్పుడు సైకిలు అంటే రెండు రకాల మనుష్యులు కనబడుచున్నారు. ఆదివారము తెల్లవారుజామున నెత్తికి హెల్మెట్టు, చేతులకు తొడుగులు వేసుకొని, మోటారు సైకిలు కంటె ఖరీదైన సైకిళ్ళ మీద గుంపులుగా వెళ్ళేవారు ఒకరు. పాల క్యానులు కట్టుకొని, లేదా సద్ది డబ్బా హ్యాండిలుకు తగిలించుకొని ఒంటరిగా వెళ్ళేవారు ఇంకొకరు. రెండవ వారి గురించి ఎవరును వ్రాయరు. నేను ఈ ఇద్దరి కొరకు వ్రాయుచున్నాను. కొలతలన్నియు క్లాక్ టవరు నుండి చెప్పుచున్నాను, రమారమి అనుకోండి.

సికింద్రాబాదు మొదటి నుండి దండు ఊరు. మూడవ అసఫ్ జా అయిన సికిందర్ జా పేరు మీద 1806లో ఇంగ్లీషు సైన్యము కొరకు ఏర్పడినది. అందుచేత దీని రోడ్లు హైదరాబాదు పాత బస్తీ రోడ్లవలె వంకరటింకరగా ఉండవు. తిన్నగా, వెడల్పుగా, ఇరుప్రక్కల పెద్ద చెట్లతో ఉంటాయి. క్రొత్తగా సైకిలు మొదలుపెట్టిన వారికి ఇంతకంటె మంచి చోటు లేదు.

క్లాక్ టవరు 1897 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. అదే సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, ఇక్కడికి దగ్గరలోని బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. పని చేసిన ఆ భవనము ఇప్పటికిని ఉన్నది. ఉదయము బయలుదేరితే ముందు అటు వెళ్ళి చూచి, తరువాత పరేడ్ గ్రౌండ్ మీదుగా తిరుమలగిరి వైపు తిరగవచ్చును.

తిరుమలగిరి నుండి లోతుకుంట, అల్వాల్ మీదుగా బొల్లారం వెళ్ళే దారి నాకు అన్నిటికంటె ఇష్టము. పదకొండు పన్నెండు కిలోమీటర్లు. ఆగి ఆగి వెళ్ళినా గంటన్నరలో చేరుతారు. బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉన్నది. 1983 నవంబరులో ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ ఇక్కడికి వచ్చి ఆరాధనలో కూర్చున్నది. సికింద్రాబాదులో అంతకంటె పాతది సెయింట్ జాన్స్ చర్చి, 1813 నాటిది. కాని సైకిలు ప్రక్కన నిలబెట్టి చెట్టు క్రింద నీళ్ళు త్రాగడానికి బొల్లారం గుడిని మించినది నేను చూడలేదు. దానికి దగ్గరలోనే రాష్ట్రపతి నిలయము ఉన్నది. పూర్వము రాష్ట్రపతి వచ్చి వెళ్ళిన తరువాత కొద్ది రోజులు మాత్రమే జనమును లోపలికి రానిచ్చేవారు. 2023 మార్చి నుండి సంవత్సరము పొడవునా చూడనిస్తున్నారు. పిల్లలను తీసుకొని వెళ్ళండి.

ఒక మాట. కంటోన్మెంటు లోపలి రోడ్లలో కొన్నిటికి సైన్యపు గేట్లున్నాయి. దేశములోని కంటోన్మెంటు రోడ్లను ప్రజల కొరకు తెరవాలని 2018 మే నెలలో రక్షణ శాఖ చెప్పినది. కొన్ని తెరిచారు, తెరిచిన వాటిలో కొన్ని మళ్ళీ మూశారు. గేటు మూసి ఉంటే అక్కడ సిపాయితో వాదించకండి. అతడు ఆజ్ఞ పాటించువాడు. రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగితే తొడలకు మంచిదే.

బొల్లారం దాటి తిన్నగా వెళ్ళితే హకీంపేట, తూముకుంట, ఆ తరువాత శామీర్‌పేట చెరువు. ఇది కరీంనగరు వెళ్ళే రాజీవ్ రహదారి. చెరువు ఇరవై నాలుగు కిలోమీటర్లు. వాన పడిన సంవత్సరము ఆ కట్ట మీద గాలి తగిలితే వచ్చిన దూరమంతా మరచిపోతాము. ప్రక్కనే జింకల పార్కు ఉన్నది. అయితే దారిలో ఎత్తుపల్లాలు ఉన్నాయి. మన వైపు ఎత్తును 'అప్పు' అంటారు కదా, ఆ అప్పు నిజమైన అప్పు వంటిదే. వెళ్ళేటప్పుడు సుఖముగా దిగినదంతా వచ్చేటప్పుడు వడ్డీతో సహా ఎక్కవలసి ఉంటుంది. అందుచేత ఎదురుగాలి ఎటు వీస్తున్నదో చూచుకొని, బలము సగము ఉండగానే వెనుకకు తిరగండి.

ఈ రోడ్డు మీద లారీలు, బస్సులు ఎక్కువ. అల్వాల్ వైపు ఎత్తైన వంతెన రోడ్డుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. పనులు నడుస్తున్న చోట సైకిలు దిగి నడవడము అవమానము కాదు.

మూడవది కీసర దారి. ఈసీఐఎల్, నాగారం మీదుగా వెళ్ళాలి. పాతిక కిలోమీటర్లు అనుకోవచ్చును. ఇక్కడ చూడవలసినది రాళ్ళు. మన దక్కను రాళ్ళు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఒక దాని మీద ఒకటి ఎవరో పేర్చినట్లు, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేటట్లు నిలబడి ఉంటాయి. పడవు. పడగొట్టేది మనిషే. పది సంవత్సరాల క్రితము నేను నీడలో కూర్చున్న గుండ్లు కొన్ని ఇప్పుడు కంకర అయి ఎవరి ఇంటి పునాదిలోనో ఉన్నాయి. కీసర గుట్ట మీద రామలింగేశ్వరుని గుడి, విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడములు ఉన్నాయి. శివరాత్రి జాతర రోజుల్లో మాత్రము అటు సైకిలు వేసుకొని వెళ్ళవద్దు. జనము, బండ్లు విపరీతముగా ఉంటాయి.

శామీర్‌పేటను, కీసరను కలుపుతూ అవుటర్ రింగు రోడ్డు ఉన్నది. మొత్తము 158 కిలోమీటర్ల రోడ్డు అది. దాని పైకి సైకిలు ఎక్కనివ్వరు, ఎక్కకూడదు కూడా. దాని ప్రక్కన క్రిందుగా సర్వీసు రోడ్డు ఉన్నది. శామీర్‌పేట వెళ్ళి, ఆ సర్వీసు రోడ్డు మీదుగా కీసర చేరి, ఈసీఐఎల్ మీదుగా ఇంటికి వస్తే అరవై కిలోమీటర్లు దాటుతుంది. రోడ్డు అంతటా ఒకే తీరుగా ఉండదు. కొన్ని చోట్ల బాగు, కొన్ని చోట్ల గుంతలు. ఎదురుగా తప్పు ప్రక్కన వచ్చే ట్రాక్టర్లతో జాగ్రత్త.

ఇదే అవుటర్ రింగు రోడ్డుకు పడమటి వైపున, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు, 2023 అక్టోబరు 1న సైకిళ్ళ కొరకే ప్రత్యేకముగా ఒక దారి తెరిచారు. 23 కిలోమీటర్లు. పైన సోలారు పలకల కప్పు, క్రింద నాలుగున్నర మీటర్ల వెడల్పు. ఎండ తగలదు, వాన తగలదు, లారీ రాదు. నేను ఒకసారి వెళ్ళి తొక్కి వచ్చాను. చాలా బాగున్నది, కట్టిన వారిని మెచ్చుకోవలసినదే. అయితే తొక్కుచున్నంత సేపు నాకు మేడ్చల్ రోడ్డు గుర్తుకు వచ్చినది. ఆ కప్పు క్రింద తొక్కుచున్న వారిలో చాలామందికి ఇంటి దగ్గర కారు ఉన్నది. కారు లేని వాడు, డ్యూటీ దిగి నిద్ర కళ్ళతో ఇంటికి వచ్చేవాడు, ఆ దారిలో కాదు, లారీల ప్రక్కన తొక్కుచున్నాడు.

పొడవైన ప్రయాణము ఒకటి చెప్పి మేడ్చల్ సంగతికి వస్తాను. మెదక్ వెళ్ళడము. దాదాపు నూరు కిలోమీటర్లు. బాలానగర్ మీదుగా గండిమైసమ్మ, దుండిగల్, గుమ్మడిదల, నర్సాపూర్, కౌడిపల్లి దాటి వెళ్ళాలి. నర్సాపూర్ అడవి లోపల రోడ్డు చల్లగా ఉంటుంది. కోతులకు మాత్రము ఏమీ పెట్టకండి, సంచీ లాగుతాయి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదు వచ్చి, మొదట తిరుమలగిరిలో సైనికుల మధ్య పరిచర్య చేసి, ఆ తరువాత మెదక్ వెళ్ళారు. అప్పుడు మెదక్‌కు రైలు లేదు, మోటారు లేదు. కరవు రోజుల్లో జనమునకు పని, తిండి దొరకాలని ఆయన కట్టించిన గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయినది. గోపురము 175 అడుగుల ఎత్తు.

నేను ఒక డిసెంబరు నెలలో వేకువన నాలుగు గంటలకు బయలుదేరి, మధ్యాహ్నము రెండు గంటలకు చేరాను. గోపురము దూరము నుండి కనబడినప్పుడు సంతోషముతో తొందరపడి తొక్కితే చైను ఊడినది. చేతులకు నూనె మసితోనే లోపలికి వెళ్ళాను. తిరుగు ప్రయాణము సైకిలు మీద చేశానని చెప్పను. ఒక సహోదరుని కూరగాయల ఆటో మీద వచ్చాను. అలవాటు లేనివారు ఒక్క రోజులో ఇది చేయకూడదు. నర్సాపూర్‌లో రాత్రి ఆగి వెళ్ళండి.

ఇక మేడ్చల్. ఇది 44వ నంబరు జాతీయ రహదారి. పూర్వము దీనినే 7వ నంబరు అనేవారు. బోయినపల్లి, కొంపల్లి, కండ్లకోయ మీదుగా వెళ్ళుతుంది. సైకిలు ప్రయాణమునకు ఈ దారి నేను ఎవరికిని చెప్పను. కాని చెప్పినా చెప్పకపోయినా దాని మీద తొక్కక తప్పనివారు వందలమంది ఉన్నారు.

లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది. సైకిలు ఆ సెకనులో నాలుగు మీటర్లు కదులుతుంది. డ్రైవరుకు మన సైకిలు యాభై మీటర్ల దూరములో కనబడితే అతనికి మూడు సెకన్ల సమయము కూడా లేదు. నూట యాభై మీటర్ల నుండి కనబడితే ఎనిమిది సెకన్లు ఉన్నది. ప్రాణము పోవడము, దక్కడము ఈ ఐదారు సెకన్ల లోపల ఉన్నది. అందుకే వెనుక ఎర్రగా మెరిసే బిళ్ళ, పెడళ్ళకు మెరిసే పట్టీ, వీలైతే బ్యాటరీ లైటు. తెల్లని చొక్కా. నల్ల కంబళి కప్పుకొని మంచులో వెళ్ళే మన పెద్దలను చూస్తే నాకు భయము.

సరే, ఆ తల్లి ప్రశ్న. రెండు శనివారాల తరువాత నా సైకిలు వేసుకొని వారి ఊరు వెళ్ళాను. పిల్లవాడు తండ్రి సైకిలు బయటికి తీశాడు. ఇరవై కిలోలకు అటూ ఇటూ బరువుండే పాత నల్ల సైకిలు, అట్లాసు. ఆ కంపెనీ వారు 1951లో సోనిపట్‌లో మొదలుపెట్టి, 2020 జూన్ 3న తమ చివరి పెద్ద ఫ్యాక్టరీని మూసివేశారు. ఆ రోజు ప్రపంచ సైకిలు దినము కావడము విచిత్రము. పిల్లవానికి సీటు ఎత్తైనది. ముందు దానిని క్రిందికి దించాము. బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము తగులుచున్నది. మార్చాము. గాలి నేను బొటనవ్రేలితో నొక్కి చూపించాను, తరువాత వాడు నొక్కి చూచాడు.

"హైవే మీదనుంచి బడి ఐదే కిలోమీటర్లు అయ్యగారూ" అన్నాడు.

"ఇంకో బాట లేదారా?" అని అడిగితే, ఉన్నదని, కాని అది బండ్ల బాట అని, గేదెలు పోతాయని చెప్పాడు. చెప్పేటప్పుడు కొంచెము సిగ్గుపడ్డాడు కూడా. స్నేహితులందరు హైవే మీద పోతుంటే తాను గేదెల బాటన పోవడము ఏమి బాగుంటుంది!

ఆ బాటనే వెళ్ళాము. ఊరి వెనుక చెరువు కట్ట ఎక్కి, దాని చివర దిగి, మొక్కజొన్న చేల మధ్య నుండి రైలు కట్ట వరకు. రైలు కట్ట క్రింద ఒక చిన్న దారి ఉన్నది. దానిలో నుండి బయటపడితే ప్రక్క ఊరి సిమెంటు రోడ్డు. మొత్తము ఏడు కిలోమీటర్లు. బడి హైవేకు అవతల ప్రక్కన ఉన్నది గనుక దాటడము మాత్రము తప్పదు. అందరు మధ్యలో డివైడరు పగులగొట్టిన సందులో నుండి సైకిలు ఎత్తుకొని దాటుచున్నారు. పెద్దవారు కూడా. మేము ఇంకొక అర కిలోమీటరు ముందుకు వెళ్ళితే బండ్లు దూరే అండర్‌పాసు దొరికినది. దానితో ఏడున్నర అయినది. ఐదు కిలోమీటర్ల బడికి ఏడున్నర. పది నిమిషాలు ఎక్కువ.

ఆ రోజు రెండుసార్లు వెళ్ళి వచ్చాము. ఒకసారి నేను ముందు, ఒకసారి వాడు ముందు. సందులో నుండి దాటవద్దని నేను ఎంత చెప్పినా, స్నేహితులు పిలిస్తే వాడు దాటడని నాకు నమ్మకము లేదు. పదునాలుగు సంవత్సరాల పిల్లవాడు. అందుచేత బడి హెడ్మాస్టరు గారిని కలిశాను. ఆయన మంచివారు. సైకిలు మీద వచ్చేవారెందరో లెక్క తీయించారు. ఆ ఊరి వైపు నుండి పదకొండు మంది ఉన్నారు, వారిలో నలుగురు ఆడపిల్లలు. అందరు కలిసి ఒకే గుంపుగా అండర్‌పాసు దారిన రావాలని, ముందు ఒక పెద్ద పిల్ల, చివర ఒక పెద్ద పిల్లవాడు ఉండాలని ఆయనే ఏర్పాటు చేశారు. ఆ పెద్ద పిల్ల పదవ తరగతి, గట్టి పిల్ల. ఆమె మాట దాటి ఎవరును సందులోకి పోరట.

ఆడపిల్లలు సైకిలు తొక్కితే ఏమగునో అని ఇంకను అనుకొనే తల్లిదండ్రులు మన సంఘములలో ఉన్నారు గనుక ఒక సంగతి వ్రాయుచున్నాను. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమము జరిగినప్పుడు, అక్కడి కలెక్టరు షీలారాణి చుంకత్ గారు స్త్రీలకు చదువుతో పాటు సైకిలు కూడా నేర్పించే పని పెట్టించారు. వేలాదిమంది పల్లెటూరి స్త్రీలు, కూలి చేసుకునేవారు కూడా నేర్చుకున్నారు. నీళ్ళకు, అంగడికి, పనికి ఎవరినీ అడుగకుండా తామే వెళ్ళసాగారు. బీహారులో 2006 నుండి తొమ్మిదవ తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వము సైకిలుకు డబ్బు ఇవ్వగా, బడి మానే పిల్లలు తగ్గారు. మన ఊళ్ళలో దూరము కారణముగా ఎనిమిదితో ఆపివేసిన ఆడపిల్లలు ఎందరున్నారో మీ సంఘములో మీరే లెక్క పెట్టుకోండి.

వానాకాలము వచ్చిన తరువాత ఏర్పాటు చెడినది. జూలైలో రెండు వానలకే రైలు కట్ట క్రింది దారిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. పిల్లలు మళ్ళీ హైవే ఎక్కారు. తల్లి నాకు ఫోను చేసి, "అయ్యగారూ, పోరడు మళ్ల రోడ్డెక్కిండు" అని చెప్పి ఊరుకున్నది. మరుసటి రోజు వెళ్ళి చూచాను. నీళ్ళు పోయే కాలువ చెత్తతో పూడి ఉన్నది, అంతే. సర్పంచి గారికి, సంబంధిత ఆఫీసుకు అర్జీ పెట్టాము. అర్జీ అక్కడే ఉన్నది. చివరకు ఆదివారము ఆరాధన తరువాత మన యువకులు పన్నెండుమంది, ప్రక్క బస్తీలోని హిందువుల, ముస్లిముల పిల్లలు కూడా పారలు పట్టుకొని వచ్చి, సాయంత్రము వరకు పూడిక తీశారు. నీళ్ళు పూర్తిగా పోలేదు. పాదము మునిగేంత ఉన్నది. పిల్లలు చెప్పులు హ్యాండిలుకు తగిలించుకొని సైకిళ్ళు నడిపించుకొంటూ దాటుచున్నారు.

ఆ తల్లి ఇప్పుడు తానే సైకిలు నేర్చుకుంటానని అంటున్నది. కొడుకు బడి నుండి వచ్చిన తరువాత చెరువు కట్ట మీద నేర్పుచున్నాడు. సీటు మళ్ళీ ఎత్తు మార్చవలసి వచ్చినది, స్పానరు లేదని నన్ను తెమ్మన్నారు. శనివారము వెళ్ళేటప్పుడు మరువకుండా సంచీలో పెట్టుకోవాలి.